కారు నడుపుట హక్కా? అనుగ్రహమా?

పాఠశాలలో వ్యాసరచనకు ఇయ్యదగిన విషయ మొకటి 2024వ సంవత్సరము మే నెలలో దేశమంతటను చర్చకు వచ్చెను. ఆ విషయమును ఇచ్చినది ఏ ఉపాధ్యాయుడును కాదు. ఒక బాలన్యాయ మండలి. ఆ నెల 19వ తేదీ తెల్లవారుజామున పుణే నగరమున మిక్కిలి వేగముగ పోవుచున్న ఒక ఖరీదైన కారు మోటారుసైకిలును ఢీకొనగా, దానిపై పోవుచున్న ఇరువురు యువ ఇంజనీర్లు మరణించిరి. కారు నడిపెనని అభియోగమునకు గురియైనవాడు పదునేడేండ్ల బాలుడు. ఆనాడే అతనికి బెయిలు దొరకినది. బెయిలు షరతులలో ఒకటి, రోడ్డు ప్రమాదములను గూర్చి మూడువందల మాటలలో వ్యాసము వ్రాయవలెననుట. ఆ వార్త విని దేశము ఉలికిపడెను. పిదప ఆ ఉత్తరువు మారినది. బాలుని పర్యవేక్షణ గృహమునకు పంపిరి. జూన్ నెలలో బొంబాయి హైకోర్టు అతనిని విడుదల చేయుమన్నది. ఆ వ్యాజ్యపు గుణదోషములను తేల్చుట న్యాయస్థానముల పని. దానిలో మనము తలదూర్చ పనిలేదు.

కాని ఆ మూడువందల మాటల వ్యాసమును మన విద్యార్థులు వ్రాయదొడగినచో, వారు మొట్టమొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఒక మనుష్యుడు కారెక్కి, చక్రము చేతబట్టి, పదిమంది నడుచు త్రోవలోనికి దానిని తోలుకొనివచ్చుటకు అతనికి గల అధికారము ఎట్టిది? అది పుట్టుకతో వచ్చిన హక్కా? ప్రభుత్వము దయతలచి ఇచ్చు అనుగ్రహమా? ఈ రెండును కానిచో మరియేమి? చూచుటకు ఇది మాటల పేచీవలె తోచును. కాని దీనికి ఇచ్చు సమాధానమునుబట్టియే పోలీసుల అధికారమును, తండ్రి బాధ్యతయు, లారీ నడుపుకొను కూలివాని బ్రదుకును, దారిన పోవు వృద్ధురాలి ప్రాణమును నిలుచుచున్నవి. కావున ఓపికతో విచారింపదగినది.

ముందు మాటలను సరిచూచుకొందము. హక్కు అనగా, నాకు రావలసినది. ఎవరినైనను ధైర్యముగ అడిగి తీసికొనదగినది. నిరాకరించువాడే కారణము చెప్పుకొనవలసినది. అనుగ్రహము అనగా, ఇచ్చువాని ఇష్టముపై ఆధారపడినది. ఇచ్చిన సంతోషము, ఇయ్యకున్న అడుగుట కాధారము లేదు. "కారు నడుపుట హక్కు కాదు, అది ప్రభుత్వ మిచ్చిన సౌలభ్యము మాత్రమే" అను మాట అమెరికా దేశమున మోటారు శాఖలవారు చిరకాలముగ చెప్పుచు వచ్చినది. కొత్తగ లైసెన్సు పొందు పిల్లలకు అచ్చట బోధించు మొదటి పాఠ మిదియే. మన దేశమునను పెద్దలు తరచు ఈ మాటనే వల్లించుచుందురు. అందులో మంచి ఉద్దేశమున్నది; కాదనరాదు. దురుసుగ నడుపువానికి వినయము నేర్పుటకు అది చక్కని మాట. కాని మంచి ఉద్దేశముతో పలికిన మాట యెల్ల నిజమైన మాట కానక్కరలేదు.

చరిత్రను కొంచెము తిరుగవేసినచో ఈ సంగతి తేటపడును. మోటారుబండి పుట్టిననాడు దానిని చూచి ప్రభుత్వములు భయపడినవి. ఇంగ్లాండులో 1865వ సంవత్సరపు శాసనము ప్రకారము ఆవిరితో నడచు బండికి అరువది గజముల ముందు ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. ఊరిలో గంటకు రెండు మైళ్లు, ఊరి వెలుపల నాలుగు మైళ్లు మించరాదు. ఇంచుమించు ఎడ్లబండి వేగమే. ఆ నిర్బంధములు 1896లో తొలగినవి. జర్మనీలో కార్ల్ బెంజ్ తాను నిర్మించిన బండిని తానే నడుపుకొనుటకు 1888లో అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతిని పొందవలసివచ్చెను. పారిస్ నగరమున 1893లో పోలీసులు నడుపువాని నేర్పును పరీక్షించు పద్ధతిని ఏర్పరచిరి. బ్రిటనులో 1903 నాటి శాసనము లైసెన్సును తెచ్చినది. కాని ఆ లైసెన్సునకు పరీక్ష లేదు; ఐదు షిల్లింగులు కట్టినవాని కెల్ల ఇచ్చెడివారు. నిర్బంధ పరీక్ష వచ్చినది 1935 జూన్ 1వ తేదీనుండి. అనగా ముప్పది యేండ్లకు పైగా లైసెన్సు అనునది అర్హతకు సాక్ష్యము కాదు, రుసుము కట్టినట్లు రసీదు మాత్రమే.

మన దేశమున 1914, 1939, 1988 సంవత్సరములలో వరుసగా మూడు మోటారు వాహన శాసనములు వచ్చినవి. చివరిదానికి 2019లో పెద్ద సవరణ జరిగినది. ఈ శాసనములను పైపైన చదివినవారికి, రోడ్డుపై బండి నడుపు అధికారమును వీనియే పుట్టించినవని తోచును. ఏలయన, లైసెన్సు లేనిదే బహిరంగ స్థలమున ఎవడును మోటారుబండి నడుపరాదని 1988 శాసనము మూడవ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. శాసనము ఇచ్చినది కావున శాసనము తీసికొనవచ్చును, ఇచ్చుట దయ, తీసికొనుట అధికారము అనుట సులభము.

కాని మన సుప్రీంకోర్టు ఈ వాదమును డెబ్బది యేండ్లకు పూర్వమే విచారించినది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము 1951లో ఒక రోడ్డు రవాణా శాసనమును చేసి, కొన్ని మార్గములలో తన బస్సులనే నడుపుకొనదలచెను. ప్రైవేటు బస్సు యజమానులు కోర్టు కెక్కిరి. 1954లో సగీర్ అహ్మద్ వ్యాజ్యముగ ప్రసిద్ధికెక్కిన ఆ తగవులో న్యాయమూర్తులు చెప్పిన సారాంశ మిది: రహదారులు ప్రభుత్వమునకు చెందియున్నను, ప్రభుత్వము వానిని ప్రజల పక్షమున ధర్మకర్తగ ఉంచుకొన్నది; దారిని ఉపయోగించుకొనుట ప్రజల హక్కు; ఆ హక్కు మోటారు శాసనమువలన పుట్టినది కాదు, దానికి ముందునుండియు ఉన్నది; ఇతరులకు గల సమానమైన హక్కే దానికి హద్దు; ప్రజల క్షేమము కొరకు దానిని క్రమబద్ధము చేయుటయే ప్రభుత్వపు పని. బాడుగకు బండ్లు నడుపుట ప్రభుత్వము దయచేయు సౌలభ్యమని అమెరికా న్యాయస్థానములు కొన్ని చేసిన సిద్ధాంతము మన రాజ్యాంగము క్రింద చెల్లదని కూడ ఆ తీర్పు చెప్పినది.

ధర్మకర్త అను ఈ మాట గమనింపదగినది. దేవాలయపు ధర్మకర్త గుడి తాళముచెవి తన మొలను పెట్టుకొని తిరుగును. అయినను దేవుని దర్శనము అతడు పెట్టు భిక్ష కాదు. తలుపు తీయు వేళలను, వరుసక్రమమును, పాటింపవలసిన శుచిని అతడు నిర్ణయింపవచ్చును. మొగము చూచి ఒకనిని రానిచ్చి మరియొకనిని వెళ్లగొట్టుటకు మాత్రము వీలులేదు. రోడ్డు విషయమున ప్రభుత్వపు స్థితియు ఇట్టిదే.

1988 శాసనమును నిదానముగ చదివినచో ఈ ధర్మకర్తృత్వపు జాడలే కనబడును. వయసు నిండి, పరీక్షలో నెగ్గినవానికి అధికారి లైసెన్సు ఇచ్చితీరవలెను. నిరాకరించినచో కారణమును వ్రాసియియ్యవలెను. ఇచ్చిన లైసెన్సును రద్దుచేయుటకు పందొమ్మిదవ సెక్షను కొన్ని కారణములను లెక్కించి చెప్పినది: త్రాగుబోతుతనము, మత్తుపదార్థముల వాడకము, నేరమునకు బండిని వాడుట, ప్రజలకు ముప్పు తెచ్చు నడవడి మొదలైనవి. అప్పుడైనను ఆ మనుష్యుని సమాధానమును వినవలెను, కారణములు వ్రాయవలెను. ముప్పది దినములలోపల అప్పీలు చేసికొను అవకాశము కలదు. అనుగ్రహమును ఉపసంహరించు రాజెవడును ఇన్ని జవాబులు చెప్పుకొనడు.

సౌలభ్యవాదమునకు పుట్టినిల్లయిన అమెరికాలోనే ఆ వాదము నిలువలేదు. జార్జియా రాష్ట్రమున ఒక క్రైస్తవ బోధకుడు ఉండెను. మూడు పల్లెప్రాంతములలోని భక్తుల వద్దకు కారుమీదనే పోవలసినవాడు. 1968లో ఐదేండ్ల బాలిక సైకిలు త్రొక్కుచు వచ్చి అతని కారు ప్రక్కకు తగిలెను. అతనికి భీమా లేదు. నష్టపరిహారమునకు ఐదువేల డాలర్ల హామీ కట్టనిచో లైసెన్సు నిలిపివేయుదుమని రాష్ట్రము తాఖీదు నిచ్చినది. "తప్పు నాది కాదు, వినుడు" అని అతడన్నాడు. తప్పు ఎవరిదో మాకు అనవసరమని అధికారులు చెప్పిరి. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. ఒకసారి ఇచ్చిన లైసెన్సు మనుష్యుని జీవనోపాధికి ఆధారమగును. దానిని మీరు హక్కనుడు, సౌలభ్యమనుడు, ఏ పేరు పెట్టినను, న్యాయముగ విచారింపక లాగుకొనరాదు. ఇది ఆ తీర్పు తాత్పర్యము.

అయితే ఆ న్యాయస్థానమే 1979లో రెండవ వైపును కూడ చూపినది. త్రాగి నడిపెనను అనుమానముపై శ్వాసపరీక్ష కోరగా నిరాకరించినవాని లైసెన్సును వెంటనే తొంబది దినములు నిలిపివేయు మసాచుసెట్స్ రాష్ట్ర శాసనము చెల్లునని చెప్పినది. విచారణ పిమ్మట వెంటనే దొరకినచో చాలును. ప్రజల ప్రాణమునకు ముప్పు కలుగునపుడు ముందు బండి ఆపుట అన్యాయము కాదు. ఈ రెండు తీర్పులును పరస్పరము విరుద్ధములు కావు. ఒకటి ప్రభుత్వపు చేతికి హద్దు గీసినది. మరియొకటి నడుపువాని చేతికి.

అనుగ్రహమని ఒప్పుకొన్నచో ఎంత ముప్పు వచ్చునో తెలిసికొనవలెనన్న సౌదీ అరేబియా వంక చూడవలెను. స్త్రీలు కారు నడుపరాదని అచ్చట వ్రాతపూర్వకమైన శాసనమేదియు లేకుండెను. లైసెన్సులు ఇయ్యకుండిరి, అంతే. 1990 నవంబరు 6వ తేదీన నలుబది యేడుగురు స్త్రీలు రియాద్ నగర వీథులలో కార్లు నడిపి తమ కోరికను తెలియజేసిరి. పోలీసులు వారిని ఆపిరి. ఉద్యోగములు పోగొట్టుకొన్నవారును అందులో ఉండిరి. తుదకు 2017 సెప్టెంబరులో రాజు ఉత్తరువు చేయగా, 2018 జూన్ 24వ తేదీనుండి స్త్రీలు కారు నడుపసాగిరి. సంతోషింపవలసినదే. కాని దానికి నెలదినములకు ముందు, మే మాసమున, ఆ కోరిక కొరకు ఏండ్ల తరబడి పోరాడిన స్త్రీలలో పలువురిని నిర్బంధించిరి. అనుగ్రహమునకును హక్కునకును గల భేదము ఇంతకంటె స్పష్టముగ ఎచ్చట కనబడగలదు? రాజు ఇచ్చినచో పండుగ. ప్రజలు అడిగినచో నేరము.

ఇంతవరకు చదివిన విద్యార్థి, "అయితే కారు నడుపుట హక్కే!" అని తీర్మానము చేసికొని, తండ్రి జేబులోని తాళముచెవికై చేయి చాచవచ్చును. ఒక్క క్షణము ఆగవలెను. వాదమునకు రెండవ ప్రక్కన నెత్తురు కలదు.

2022వ సంవత్సరమున మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వానిలో చనిపోయినవారు 1,68,491 మంది. దినమునకు నాలుగువందల అరువదికి పైబడిన లెక్క. ఒక పెద్ద ఉన్నత పాఠశాలలోని పిల్లలందరును ఒక్క దినమున లేకుండపోయినట్లు. మరునాడు మరియొక పాఠశాల. ఆ మరునాడు ఇంకొకటి. ఏడాది పొడుగునను సెలవు లేదు. చనిపోయినవారిలో డెబ్బదియైదు వేలమంది వరకు రెండు చక్రముల బండ్లవారు; ముప్పదిమూడు వేలమంది వరకు కాలినడకన పోవువారు. ఈ కాలినడకవాడు ఎవరికిని హాని చేయగలవాడు కాడు. అతని చేతిలో టన్ను బరువుగల యంత్రము లేదు. అతడు లైసెన్సు తీసికొననక్కరలేదు, భీమా కట్టనక్కరలేదు. దారిపై అందరికంటె పూర్వపు హక్కు అతనిది. 2025 మే నెలలో మన సుప్రీంకోర్టు, నడచుటకు కాలిబాట కలిగియుండుట రాజ్యాంగము ఇరువదియొకటవ అధికరణము క్రింది జీవితహక్కులో భాగమేనని చెప్పినది. కారు నడుపువాని హక్కు ఈ హక్కు ముందర తలవంచి నిలువవలెను.

మాట్లాడుట హక్కు, నడచుట హక్కు, కారు నడుపుట హక్కు అని ఒకే త్రాటికి కట్టరాదనుటకు కారణ మిచ్చటనే కలదు. నేను తప్పుగ మాట్లాడినచో ఎదుటివాడు నన్ను ఖండింపవచ్చును. తప్పుగ నడచినచో నేనే పడుదును. తప్పుగ కారు నడిపినచో ఎదుటివానికి ఖండించుటకు ప్రాణము మిగులదు. జరిగిన పిమ్మట శిక్షించుటచే తీరని నష్టమును, జరుగకముందే అడ్డుకొను అధికారము సమాజమునకు ఉండవలెను. పరీక్షయు, వయఃపరిమితియు, భీమాయు, శ్వాసపరీక్షయు ఆ అధికారపు రూపములే. రాజ్యాంగము పందొమ్మిదవ అధికరణము దేశమంతట స్వేచ్ఛగ సంచరించు హక్కును ఇచ్చుచునే, ప్రజాహితము కొరకు సమంజసమైన పరిమితులు విధింపవచ్చునని పలుకుట ఇందులకే.

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. మనుస్మృతిలోని అనేక విషయములను నేటి సమాజము త్రోసివేసినది, త్రోసివేయవలసినదే. అయినను దాని ఎనిమిదవ అధ్యాయమున బండ్ల ప్రమాదములను గూర్చిన భాగము చదువదగినది. సారథి నేర్పులేనివాడై బండి త్రోవ తప్పి హాని కలిగినచో, దండన సారథికి కాదు, అట్టివానిని పెట్టుకొన్న యజమానికి. అది రెండువందల పణములు. సారథి నేర్పరియైనచో తప్పు అతనిదే. నేర్పులేనివాడని తెలిసియు ఆ బండిలో కూర్చున్నవారికి తలకు నూరు పణములు. వేల యేండ్లనాటి ఈ న్యాయమును చదివి మన 2019 సవరణ చూచినచో ఆశ్చర్యము కలుగును. అందులో చేర్చిన 199ఏ సెక్షను ప్రకారము, మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడో, బండి యజమానియో నేరము చేసినట్లే భావింతురు. మూడేండ్ల వరకు జైలు, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ బాలునికి ఇరువదియైదవ యేడు వచ్చువరకు లైసెన్సు లేదు. తనకు తెలియకయే జరిగినదనియో, జరుగకుండ తగిన జాగ్రత్త తీసికొంటిననియో నిరూపించుకొను భారము ఆ పెద్దవానిదే.

ఈ శాసనము ఎంతమంది తండ్రులకు తెలియును? నేను ప్రతిదినము ఉదయము నడచు త్రోవలో ఒక ఉన్నత పాఠశాల కలదు. బడిగంటకు ముందు పది నిమిషములు ఆ గేటువద్ద నిలిచి చూచినచో, మీసములు రాని పిల్లలు ముగ్గురేసి ఒక్కొక్క స్కూటరుపై వచ్చి, ప్రక్క సందులో బండిని దాచి, సంచి భుజమున వేసికొని లోనికి పోవుచుందురు. పదునారేండ్లవానికి శాసనము అనుమతించినది ఏబది సి.సి. మించని బండి మాత్రమే. నేడు వీథులలో కనబడు పెట్రోలు స్కూటరులు సాధారణముగ నూరు సి.సి.కి పైబడినవి. ఒకనాడు ఒక బాలుని ఆపి, "నాయనా, ఈ బండి ఎవరిది?" అని అడిగితిని. "మా నాన్నగారిదండీ, ఆయనే తాళమిచ్చారు. ట్యూషనుకు ఆలస్యమవుతుందని" అని తడబడక సమాధానము చెప్పెను. అబద్ధమాడుటకు వానికి అవసరమే తోచలేదు. కొడుకు చదువు చెడునేమోయని తండ్రి తాళ మిచ్చెను. ఆ తండ్రిది ప్రేమయే. కాని ఆ ప్రేమలో దారిన పోవు మరియొకరి బిడ్డకు చోటు లేదు.

భారతమున విరాటుని కొడుకు ఉత్తరుడు అంతఃపురమున కూర్చుండి, తగిన సారథి దొరకనందుననేకాని లేకున్న కౌరవసేనను చెండాడుదునని పలికెను. సారథి దొరకెను, సేన కనబడెను, కుమారుడు రథము దిగి పరుగిడెను. ప్రగల్భమునకును యోగ్యతకును గల దూరము యుద్ధభూమి చేరినగాని తెలియదు. నేటి ఉత్తరకుమారులకు దిగి పరుగిడు వ్యవధి కూడ ఉండదు.

ఇక లైసెన్సు ఇచ్చు పద్ధతిని గూర్చి ఒక మాట. హక్కు, అనుగ్రహము అను ఈ రెండు భావములను మనము ఆచరణలో ఎట్లు కలగాపులగము చేసికొంటిమో అచ్చట చూడవలెను. ఒకచోట "ఎనిమిది" అంకె వంటి త్రోవలోను, "హెచ్" అక్షరము వంటి త్రోవలోను బండిని నడిపి చూపవలెను. నేర్చినవాడు నెగ్గవలెను, నేర్వనివాడు మరల రావలెను. కాని ఏజెంటు అనువాడొకడు మధ్య నిలిచినచోట ఈ రెండును తారుమారగుచున్నవి. నేర్చినవాడు తనకు రావలసినదానికై ఏజెంటును ఆశ్రయించి అనుగ్రహమువలె కొనుచున్నాడు. నేర్వనివాడు తనకు రాకూడనిదానిని హక్కువలె కొనుచున్నాడు. మొదటివానికి జరిగినది అన్యాయము. రెండవవానివలన జరుగబోవునది హత్య. రెండింటికిని మూల మొక్కటియే: యోగ్యత అను మూడవ మాటను మనము మరచుట.

నా మట్టుకు సమాధానము ఈ మూడవ మాటలోనే కలదని తోచుచున్నది. ఉపాధ్యాయులకు ఇది వెంటనే బోధపడును. పదవ తరగతి ధ్రువపత్రము విద్యార్థికి పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. పరీక్ష వ్రాయక అడుగరాదు. అట్లని అది పరీక్షకుని దయాభిక్షయును కాదు. వ్రాసి నెగ్గినవానికి ఇయ్యననుటకు ఎంతటి పరీక్షకునికైనను అధికారము లేదు. పరీక్షకు కూర్చుండు అవకాశము అందరిదియు, ఫలితము యోగ్యతనుబట్టి. కారు నడుపు అధికారమును ఇట్టిదే. అయితే ఒక్క భేదము కలదు. పదవ తరగతి ఒకసారి నెగ్గినచో చాలును. రోడ్డుమీది పరీక్ష ప్రతిదినము జరుగును. నిన్న నెగ్గినవాడు నేడు త్రాగి కూర్చున్నచో నేడు తప్పినవాడే. లైసెన్సునకు గడువు పెట్టి, వయసు పెరిగినకొలది ఆ గడువును కుదించుటలో శాసనపు అభిప్రాయ మిదియే.

యోగ్యత యనునప్పుడు, నిజమైన యోగ్యతనే చూడవలెను. పాత అపోహలను కాదు. వర్ణాంధత్వము కొలదిగ, ఒక మోస్తరుగ ఉన్నవారికి కూడ లైసెన్సు ఇయ్యవచ్చునని 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము నియమములను మార్చినది. తేలికపాటి వాహనమునకు లైసెన్సు గలవాడు 7,500 కిలోలకు మించని రవాణా బండిని వేరు అనుమతి లేకయే నడుపవచ్చునని 2024 నవంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చినది. చిన్న సరకుబండి నడుపుకొని పిల్లలను పోషించుకొనువాని కిది అన్నము మాట. అనుగ్రహవాదమున ఇట్టివాని గోడు వినవలసిన పని ఎవరికిని లేదు.

చివరకు ఈ వివాదమున తరచు మరుగుపడు సంగతి ఒకటి కలదు. కారు నడుపుట వేరు, కదలుట వేరు. మనుష్యునికి నిజముగ కావలసినది కదలిక: బడికి, ఆసుపత్రికి, పనికి, బంధువుల ఇంటికి పోగలుగుట. కారు దానికి ఒక సాధనము మాత్రమే. అమెరికాలో అనేక పట్టణములు కారు లేనిదే పాలసీసా తెచ్చుకొనుటకును వీలులేనట్లు కట్టబడినవి. అచ్చటి మన తెలుగువారి ఇండ్లకు పోయివచ్చిన తల్లిదండ్రులను అడుగుడు. కొడుకు పనినుండి వచ్చువరకు కిటికీ వద్ద కూర్చుండి, వారాంతము కొరకు ఎదురుచూచిన దినములను వారు చెప్పుదురు. అట్టిచోట లైసెన్సు తీసివేయుట గృహనిర్బంధముతో సమానము. అందుచేతనే అచ్చట త్రాగి నడిపినవానినుండి సయితము లైసెన్సు లాగుకొనుటకు మనసొప్పని పరిస్థితి ఏర్పడును. వేరు దారి లేనిచో కారు హక్కువలె కనబడక తప్పదు.

మనకు వేరు దారి యింకను కలదు. నైజాము రాజ్యమున 1932లో ఇరువది యేడు బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగ పెరిగి, పల్లెపల్లెకును పోయినది. తెలంగాణలో 2023 డిసెంబరు 9వ తేదీనుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ఆరంభమైనది. దాని ఖర్చును గూర్చి, రద్దీని గూర్చి వాదములుండవచ్చును. కాని కారు లేని స్త్రీకిని కదలిక కావలెనను మూలసూత్రమును అది అంగీకరించినది. బస్సు సమయమునకు వచ్చి, కాలిబాట దుకాణములపాలు కాక మిగిలియున్న ఊరిలో, పదునేడేండ్ల కొడుకునకు తండ్రి తాళ మియ్యవలసిన అవసరమే ఉండదు. ట్యూషనునకు ఆలస్యమగునను సాకు చెల్లదు. కదలుట హక్కు, దానిని ప్రభుత్వము అందరికిని సమకూర్చవలెను. నడుపుట యోగ్యత, దానిని ఎవనికి వాడు సంపాదించి, దినదినము నిలుపుకొనవలెను. మొదటిదానిని నిర్లక్ష్యము చేసిన ప్రభుత్వము రెండవదానిని కఠినముగ అమలుపరుపజాలదు.

ఉపాధ్యాయ సోదరులకు ఒక విన్నపము. ఈ ప్రశ్నను మీ తరగతిలో చర్చకు పెట్టుడు. "హక్కే" యని కొందరును, "అనుగ్రహమే" యని కొందరును వాదింతురు. వాదింపనిండు. తుదకు వారిని గేటువద్దకు తీసికొనిపోయి, ప్రక్క సందులో దాగియున్న స్కూటరులను లెక్కింపుడు. ప్రతి బండి వెనుకను తాళ మిచ్చిన పెద్దవాడొకడు కలడు. మూడువందల మాటల వ్యాసము వ్రాయవలసినవాడు బాలుడొక్కడే కాదు. ఆ తండ్రియు వ్రాయవలసినవాడే. ప్రమాదము జరిగిన పిమ్మట కాదు, తాళ మిచ్చుటకు ముందు.